కిలో ల్యాప్‌టాప్, రెండున్నర కిలోల ల్యాప్‌టాప్: సైట్లలో రెండూ వాడి చూశాక

నేను విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ చేస్తాను. పెద్ద ఆఫీసేమీ లేదు. ఇంట్లోనే ఒక గది, ఒక స్కూటీ, ఎప్పుడూ నాతో పనిచేసే ఇద్దరు కార్పెంటర్ మేస్త్రులు, ఒక ఎలక్ట్రీషియన్. పొద్దున పోరంకి, మధ్యాహ్నం గొల్లపూడి, సాయంత్రం ఒక్కోసారి వారధి దాటి తాడేపల్లి. రాత్రి ఇంటికొచ్చి 3డి మోడల్ సరిచేసుకోవడం, రెండర్లు (ఆ మోడల్‌ని ఫోటోలా కనపడేలా కంప్యూటర్ తయారుచేసే బొమ్మలు) పెట్టుకోవడం. అంటే పగలు నాకు కావాల్సిన ల్యాప్‌టాప్ ఒకటి, రాత్రి కావాల్సింది ఇంకొకటి. ఈ సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. 2021లో షాపుకి వెళ్లినప్పుడు "ఏం పని చేస్తారు మేడం?" అని అడిగారు, 3డి అన్నాను, గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించారు, కొనేశాను. ఆ పని ఎక్కడ కూర్చుని చేస్తారు, ఎన్ని మెట్లెక్కి చేస్తారు అని వాళ్లూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఈ రెండిట్లో పెద్దది 2021 చివర్లో తీసుకున్నాను. రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (3డి బొమ్మల లెక్కల కోసం విడిగా ఉండే చిప్), 15.6 అంగుళాల స్క్రీన్, 80 వాట్ అవర్ల బ్యాటరీ. చిన్నది, కిలో బరువుది, 2024లో. ఇంటెల్ ఐ7 1355యూ, 13.3 అంగుళాల ఓఎల్ఈడీ స్క్రీన్, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కంపెనీల పేర్లు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఏ కంపెనీవైనా ఆ తరగతి ల్యాప్‌టాప్‌లు అన్నిటికీ వర్తిస్తాయి, పైగా మోడళ్లు ఏడాదికోసారి మారిపోతుంటాయి.

ముందు బరువు సంగతి. వెబ్‌సైట్‌లో 2.4 కిలోలు అని చూసినప్పుడు పెద్దగా ఏమీ అనిపించదు. మా వీధి చివర కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద ఒకరోజు నా సైటు బ్యాగు మొత్తం పెట్టి తూయించాను. ల్యాప్‌టాప్ ఒక్కటే రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. చార్జరూ దాని వైర్లూ కలిపితే ఇంకో కిలోకి కాస్త తక్కువ. లామినేట్ షేడ్ కేటలాగులు రెండు (ఇవి ఎంత బరువుంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు), లేజర్ మీటరు, టేపు, నీళ్ల సీసా, అన్నీ కలిపి ఆరున్నర కిలోలు దాటింది. దీంతో లిఫ్ట్ ఇంకా బిగించని అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఎక్కాలి, రోజుకి రెండు మూడు సైట్లలో. ఏడాది తిరిగేసరికి ఎడమ భుజం పట్టేయడం మొదలైంది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయేదాన్ని.

భుజం నొప్పి కంటే నాకు ఎక్కువ నష్టం చేసింది ఇంకోటుంది. బరువని మెల్లగా దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడం అలవాటైంది. నాలుగు వ్యూలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. అక్కడ క్లయింట్ "ఈ టీవీ యూనిట్ అటు గోడకి పెడితే ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. నేను "రేపు చూపిస్తానండి" అంటాను. ఆ రేపు ఎవరి ఖర్చు? మేస్త్రి, హెల్పరు వచ్చి కూర్చున్నారు, ఏ గోడకి ఫ్రేము కట్టాలో తేలలేదు, ఒక పూట పని ఆగిపోయింది, కూలీ మాత్రం ఇవ్వాల్సిందే. అంత డబ్బు పోసి కొన్న కార్డు ఆ సమయంలో బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంట్లో టేబుల్ మీద ఊరికే ఉంది.

చిన్నది కొన్నాక ఏం మారిందో పోరంకి సైటులో జరిగినది చెబితే తెలుస్తుంది. మూడు పడకగదుల ఫ్లాటు. ఓనరు డల్లాస్‌లో ఉంటాడు, ఇక్కడ వాళ్లమ్మగారు చూసుకుంటున్నారు. డెబ్బై దాటిన మనిషి, మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అప్పటికి ఫ్లాటుకి కరెంటు కనెక్షన్ కూడా రాలేదు. ప్లాను చూడగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "ఏమ్మా, పూజ గది తలుపు బాల్కనీకి ఎదురుగా పెట్టావు, గాలికి దీపం నిలుస్తుందా?" నాకు ఆ ఆలోచనే రాలేదు. బ్యాగులోంచి చిన్న ల్యాప్‌టాప్ తీసి, పక్కనే ఉన్న ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు మీద పెట్టి, స్కెచప్ అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ తలుపు తీసేసి పక్క గోడలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగి చూశారు. "ఇప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడితే దేవుడు కనపడతాడా?" అన్నారు. కెమెరాని వంటగట్టు దగ్గర, ఆవిడ ఎత్తుకి తగ్గట్టు నాలుగున్నర అడుగుల్లో నిలబెట్టి తిప్పాను. తలుపు అంచు కొంచెం అడ్డమొచ్చింది. ఆరంగుళాలు జరిపాను. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అన్నారు. మేస్త్రి అప్పుడే చాక్‌పీసు తీసి నేల మీద గీత గీసేశాడు.

మొత్తం పది నిమిషాలు. ఆ స్క్రీన్ మీద ఉన్నవి ఉత్త గీతలు, చదునైన రంగులు. వెలుగు లేదు, నీడ లేదు, పాలరాయి మెరుపు లేదు. ఆవిడకి అవేవీ అక్కర్లేదు, దేవుడు కనపడాలంతే. సైటులో జరిగే నిర్ణయాలు చాలావరకు ఇలాంటివే. అక్కడ కార్డు బలం కన్నా ల్యాప్‌టాప్ చేతిలో ఉండటం ముఖ్యం.

అయితే అదే ఫ్లాటు విషయంలో చిన్నదాని వల్ల ఒక రాత్రంతా నేను పడ్డ టెన్షన్ కూడా చెప్పాలి. పొద్దున ఏడింటికి డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, ఆ అబ్బాయి పిల్లల్ని పడుకోబెట్టి కాల్‌కి వస్తాడు. అతను ఇల్లు చూసి ఏడాదిన్నర అయింది, డబ్బు మొత్తం అతనిదే, అతనికి గీతలు చూపిస్తే కుదరదు. హాల్లో సాయంత్రం వెలుతురు ఎలా పడుతుంది, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు వేస్తే గోడ రంగు ఎలా మారుతుంది, అన్నీ నిజంగా ఉన్నట్టే కనపడాలి. ఆ వారం నా పెద్ద ల్యాప్‌టాప్ సర్వీసుకి ఇచ్చాను, ఎనిమిది వ్యూలే కదా, చిన్నదాంట్లోనే రెండర్ పెట్టేద్దాం అనుకున్నాను. పెద్దదాంట్లో వీ-రే అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏడెనిమిది నిమిషాల్లో వచ్చే హాలు బొమ్మ, చిన్నదాంట్లో గంట దాటింది. రాత్రి పదకొండుకి మొదలుపెడితే తెల్లవారి ఆరున్నరకి ఐదు బొమ్మలు పూర్తయ్యాయి. మిగతా మూడూ లేకుండానే కాల్‌లో కూర్చున్నాను. అతను మర్యాదగానే మాట్లాడాడు, కానీ వంటింటి బొమ్మ లేదనగానే కాసేపు ఏమీ మాట్లాడకపోవడం నాకు గుర్తుంది.

ఎందుకింత తేడా అంటే, ఇదంతా వేడి లెక్క. పేరు చివర యూ ఉన్న ఇంటెల్ చిప్‌ని సాధారణంగా 15 వాట్ల దగ్గర నడిచేలా తయారు చేస్తారు. కాసేపు అంతకన్నా బాగా పైకి వెళ్లగలదు, అందుకే ఫైలు తెరిచేటప్పుడు చాలా చురుగ్గా ఉంటుంది, కానీ సెంటీమీటరు మందం ఉన్న డబ్బాలోంచి ఆ వేడి గంటలకొద్దీ బయటికి పంపడం సాధ్యం కాదు కాబట్టి తనంతట తానే నెమ్మదిస్తుంది. పెద్దదాంట్లో ప్రాసెసరే 45 వాట్ల తరగతిది, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కటే వందకి పైగా వాట్లు వాడుకోగలదు, ఆ వేడిని లాగేయడానికి రెండు పెద్ద ఫ్యాన్లు, రాగి గొట్టాలు ఉంటాయి. మనం మోసే బరువు పెరగడానికి అదీ ఒక కారణం. బరువు తగ్గించి బలం అంతే ఉంచాం అని ఎవరైనా చెబితే, ఎంతసేపు అని అడగండి.

ఇంకో సంగతి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ పని చిన్నదాంట్లోనే హాయిగా ఉంది. ఆటోక్యాడ్, రెవిట్, స్కెచప్ మోడలింగ్ ఇవన్నీ ఎక్కువగా ఒకే కోర్ (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్లో ఒకటి) మీద నడుస్తాయి, ఒక్క కోర్ వేగం మాత్రమే చూస్తే నా కొత్త యూ చిప్ పాత 5800హెచ్ కంటే ముందుంది. కాబట్టి ప్లాన్లు గీసుకునేవాళ్లు, కొలతలు, కొటేషన్లు, ఎక్సెల్‌తో బతికేవాళ్లు పెద్ద గ్రాఫిక్స్ కార్డు కోసం భుజాలు అరగదీసుకోవాల్సిన పనే లేదు. వీ-రే, ఎన్‌స్కేప్, లూమియన్ అన్న రెండరింగ్ సాఫ్ట్‌వేర్ల పేర్లు మీ పనిలో రోజూ వినపడుతుంటేనే కార్డు కావాలి. మ్యాక్‌బుక్ ఎయిర్ గురించి కూడా చాలామంది అడుగుతారు. 13 అంగుళాలది ఒకటింపావు కిలో లోపే, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ చాలా బాగుంటుంది, ఆటోక్యాడ్, స్కెచప్ రెండూ దాంట్లో వస్తాయి. రెవిట్, 3డీఎస్ మ్యాక్స్ మాత్రం దానికి లేవు. నా దగ్గరికి ఆర్కిటెక్టులు పంపే ఫైళ్లు సగం రెవిట్‌లో వస్తాయి కాబట్టి నాకు ఆ దారి అక్కడే మూసుకుపోయింది.

విజయవాడ ఎండ సంగతి ఏ యూట్యూబ్ రివ్యూలోనూ చెప్పరు. ఏసీ గదిలో కూర్చుని టెస్టు చేసి వేగం ఇంత అంటారు. మ్యాక్‌బుక్ స్పెసిఫికేషన్లలో 10 నుంచి 35 డిగ్రీల వేడిలో వాడాలని రాసి ఉంటుంది. మే నెలలో కిటికీలు ఇంకా బిగించని ఫ్లాటులో మధ్యాహ్నం 42, 43 ఉంటుంది మనకి. ఆ వేడిలో నా చిన్న ల్యాప్‌టాప్ అడుగు చేత్తో పట్టుకోలేనంత కాలింది, మోడల్ తిప్పుతుంటే పట్టి పట్టి కదిలింది. పెద్దది ఫ్యాన్లు గట్టిగా తిప్పుకుని తట్టుకుంటుంది, కానీ దాని ఫ్యాన్లు పుట్టీ దుమ్మునంతా లోపలికి లాగేస్తాయి. గోడలకి పుట్టీ రుద్దుతున్న రోజుల్లో సైటులో దాన్ని తెరిచి పెట్టడం నేను చేసిన పెద్ద తప్పు. సర్వీసు కుర్రాడు అడుగు విప్పి చూపిస్తే ఫ్యానుకీ, గాలి బయటికెళ్లే రేకులకీ మధ్య తెల్లటి దూది పరుపు పరిచినట్టు దుమ్ము పేరుకుంది. వేలితో లాగితే ముక్కగా ఊడొచ్చింది. శుభ్రం చేసి, చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు మార్చాక రెండర్ సమయంలో 95 డిగ్రీల దగ్గర ఉండే వేడి 80కి దిగింది. సైట్లలో తిరిగేవాళ్లు ఏడాదికోసారైనా ఇది చేయించుకోవాలి.

బ్యాటరీ గురించి తేల్చేస్తాను. పెద్దది మామూలు పనికి మూడు గంటలు రావడం కష్టం, చార్జరు తీసేసి రెండర్ పెడితే వేగం సగానికి పడిపోతుంది, ఎందుకంటే కార్డు అడిగే కరెంటు బ్యాటరీ ఇవ్వలేదు. చిన్నది ప్లాన్లూ మెయిళ్లూ చూసుకుంటే ఆరేడు గంటలు వస్తుంది, 65 వాట్ల టైప్-సి చార్జరు, అదే చార్జరుతో ఫోనూ ఎక్కుతుంది. కరెంటే లేని సైట్లలో ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

స్క్రీన్ గురించి మాత్రం తొందరపడకుండా చదవండి, ఎందుకంటే దీని వల్ల నాకు డబ్బు పోయింది. తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉండే స్క్రీన్ వేస్తారు. అంటే రంగులు పూర్తిగా చూపించలేదని అర్థం, మామూలుగా మనం వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా రావు. పెద్దది కొనకముందు నేను అలాంటి స్క్రీన్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి వాడేదాన్ని. వార్డ్‌రోబ్‌కి ఒక వాల్‌నట్ షేడు దాంట్లో చక్కటి ముదురు గోధుమ రంగులో కనిపించింది, క్లయింట్ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు, కేటలాగు చూడకుండానే ఆర్డరు పెట్టేశాం. షీట్లు వచ్చి పగటి వెలుతుర్లో నిలబెడితే స్పష్టంగా ఎర్రజీర. ఆవిడ షీటుని, ల్యాప్‌టాప్‌ని పక్కపక్కన పెట్టి చూసి, "ఇది మేం చూసింది కాదండీ" అన్నారు. ఆరు షీట్లు నేనే భరించాను. ఇప్పుడు వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ లేని స్క్రీన్ వైపు కన్నెత్తి చూడను, ఉన్నా సరే కేటలాగు ముక్క చేతిలో పెట్టాకే ఆర్డరు. చిన్నదాని ఓఎల్ఈడీలో రంగులు అద్భుతంగా ఉంటాయి, కానీ అద్దంలా మెరిసే స్క్రీన్ కాబట్టి బాల్కనీ దగ్గర కూర్చుంటే మోడల్ కంటే మన మొహమే ఎక్కువ కనపడుతుంది. గోడకి వీపు పెట్టి, వెలుతురు స్క్రీన్ మీద పడకుండా తిప్పుకుని కూర్చోవాలి.

ఇప్పుడు నా ఏర్పాటు ఇదీ. పెద్దది ఇంట్లో టేబుల్ మీద నుంచి కదలదు. మేస్త్రి కోసిచ్చిన రెండు ప్లైవుడ్ ముక్కల మీద వెనక భాగం ఎత్తి పెట్టాను, అడుగు నుంచి గాలి ఆడుతుంది. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగు పెట్టాను. సైటు నుంచి చిన్నదాంట్లో ఎనీడెస్క్ అనే యాప్ తెరిచి, ఫోను హాట్‌స్పాట్ మీద ఇంట్లో ఉన్న పెద్దదాన్ని నడుపుతాను. 5జీ బాగా అందే చోట ఎన్‌స్కేప్ వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టు ఉండేది) కూడా చూపించగలుగుతున్నాను, కొంచెం ఆలస్యంగా కదులుతుంది గానీ క్లయింట్లకి తేడా తెలియట్లేదు. సెల్లార్లో మాత్రం సిగ్నల్ ఉండదు, అక్కడ ఆశ పెట్టుకోకండి. విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్‌తో చేద్దామనుకుంటే, ఇంట్లో ఉండే ల్యాప్‌టాప్‌కి విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్‌లోకి అలా రానివ్వదు. ఇంకోటి, ఇంట్లో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, వైఫై రౌటర్ ఆగిపోతుంది. రెండుసార్లు క్లయింట్ ముందు స్క్రీన్ నిలిచిపోయాక రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకి మార్పించాను.

రెండు కొనే పరిస్థితి అందరికీ ఉండదు, నాకూ మొదట్లో లేదు. ఒక్కటే కొనాలి, తిరగాలి, రెండర్లూ కావాలి అంటే మధ్యలో ఒక తరగతి ఉంది, 14 అంగుళాల్లో విడి కార్డు ఉన్నవి. ఆసుస్ వాళ్ల 2024 జెఫిరస్ జీ14 లాంటిది ఆర్‌టీఎక్స్ 4060తో కిలోన్నరే ఉంటుంది. టైప్-సి చార్జరుతో కూడా ఎక్కుతుంది, కాబట్టి సైటుకి పెద్ద చార్జరు మోయక్కర్లేదు. ధర మాత్రం ఎక్కువ, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. నేను 2021కి వెనక్కి వెళ్లగలిగితే, అప్పట్లో దొరికే ఇలాంటిదే ఒకటి తీసుకునేదాన్ని.

ఇందులోనే ఒక కిటుకు తెలుసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4050, 4060 అని పేరొకటే ఉంటుంది గానీ ఆ కార్డుకి కంపెనీ ఇచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా ఉండొచ్చు. సన్నటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్ల 4060 కంటే మందపాటి దాంట్లో పూర్తి వాట్ల 4050 ముందుండే సందర్భాలూ ఉంటాయి. డబ్బా మీద ఇది చాలాసార్లు కనపడదు. షాపులో డెమో పీసు ఆన్‌లో ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే గరిష్ఠంగా ఎన్ని వాట్లో కనపడుతుంది, ఆ అంకె చూశాకే బేరం మాట్లాడండి.

ర్యామ్ విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లలో తర్వాత ర్యామ్ పెంచుకునే వీలు చాలావాటికి ఉండదు, విడి కార్డు లేకపోతే గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌లోంచి వాటా తీసుకుంటుంది. 16 చాలనుకున్నాను. పెద్ద విల్లా మోడల్, మొక్కలూ ఫర్నిచరూ అన్నీ పెట్టింది తెరిచి, పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబులు ఉంటే నత్తలా కదులుతుంది. 3డి చేసేవాళ్లు 32 తీసుకోండి, దాని కోసం ఇంకో నెల ఆగాల్సి వచ్చినా ఆగండి.

మా అక్క కూతురు ఈ ఏడాది బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ)లో చేరింది, నన్నే అడిగింది. ఐదేళ్ల కోర్సు. మొదటి ఏడాదంతా చేత్తో గీయడమే ఎక్కువ, ఇప్పుడే బలమైనది కొంటే అసలు రెండర్లు చేయాల్సిన నాలుగో ఏడాదికి అది పాతబడిపోతుంది. ఇంట్లో ఉన్న పాతదానితో మొదటి ఏడాది గడిపెయ్యమన్నాను, రెండో ఏడాదిలో బలమైనదే కొనుక్కోమన్నాను, హాస్టలు గదిలో టేబుల్ మీదే ఎక్కువ ఉంటుంది కాబట్టి బరువు తనకి అంత సమస్య కాదు. అదే, మా అపార్ట్‌మెంట్లో పక్కింటి లెక్చరర్ గారు అడిగితే మారుమాట లేకుండా కిలో ల్యాప్‌టాప్ తీసుకోమని చెప్పాను.

కొనడానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ మోసే బ్యాగు, అందులో రోజూ ఉండే సామాన్లతో సహా తీసుకెళ్లండి. రెండోసారి గవర్నర్‌పేటలో షాపుకి నేను అలాగే వెళ్లాను, కేటలాగులు కూడా తీయలేదు. డెమో ల్యాప్‌టాప్, దాని చార్జరు బ్యాగులో పెట్టనిస్తారా అని అడిగాను, ఓనరుగారు ఆశ్చర్యపోయినా ఒప్పుకున్నారు, కుర్రాణ్ని ఒకణ్ణి తోడు పంపించారు. భుజాన వేసుకుని వాళ్ల మెట్లే రెండుసార్లు ఎక్కి దిగాను. ముందు 15 అంగుళాలది, తర్వాత కిలోది. రెండోసారి కిందికొచ్చాక ఇంకేమీ అడగకుండా బిల్లు వేయమన్నాను.